అగ్నిపర్వతం లేచిందని వార్త వస్తే ఫోన్‌లోనే తేల్చుకోవడం ఎట్లా

"వేల ఏళ్లుగా పడుకున్న అగ్నిపర్వతం లేచింది, ఇక అంతే" అని ఒక ఫార్వర్డ్, కింద ఎర్రగా కాలుతున్న లావా ఫొటో. ఆ ఫొటో చాలాసార్లు హవాయిదో ఐస్‌లాండ్‌దో అయ్యుంటుంది, వార్తలో చెప్పిన కొండకూ దానికీ సంబంధమే ఉండదు. ఫ్యామిలీ గ్రూపుల్లో ఇవి ఎప్పటి నుంచో తిరుగుతున్నవే గానీ, 2025 నవంబర్ 23న ఇథియోపియాలో హైలీ గుబ్బి అనే అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద ఎర్ర సముద్రం, యెమెన్, ఒమన్ దాటుకుని ఢిల్లీ దాకా వచ్చి విమానాలు రద్దయ్యాక మరీ ఎక్కువయ్యాయి. ఇట్లాంటి వార్త వచ్చినప్పుడు హన్మకొండలో ఇంట్లో కూర్చునే, అగ్నిపర్వతాల్ని కనిపెట్టి చూసే కేంద్రాల్లో (అబ్జర్వేటరీల్లో) పనిచేసేవాళ్లు చూసే గుర్తులనే మనమూ చూసి, ఎంత పట్టించుకోవాలో తేల్చుకోవచ్చు. డేటా చాలావరకు ఉచితం. ఎక్కడ చూడాలి, ఏ వరుసలో చూడాలి అన్నదే కింద రాస్తున్నా.

ఒక్క మాట మాత్రం మొదటి నుంచీ గుర్తు పెట్టుకోండి. ఏ గుర్తయినా ఒక్కటే కనబడితే దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. భూకంపాలు వచ్చినా, నేల ఉబ్బినా, పొగ పెరిగినా, ఆ కొండ మామూలు రోజుల్లో ఎట్లా ఉండేది, ఇప్పుడు ఎంత మారింది, ఎంత తొందరగా మారుతోంది, రెండు మూడు గుర్తులు కలిసి మారుతున్నాయా అని అడగాలి. శాస్త్రవేత్తలు జీతం తీసుకునేది ఈ పోలిక కోసమే.

ముందు మన కాళ్ల కింద సంగతి

2024 డిసెంబర్ 4 పొద్దున 7:27కి ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది కదా, వరంగల్‌లో జనం ఇళ్లలోంచి బయటికి ఉరికారు, హైదరాబాద్ దాకా తెలిసింది. ములుగులో ఉండే మా మేనమామ ఆరోజే ఫోన్ చేసి, "ఏరా అల్లుడూ, మేడారం కింద అగ్నిపర్వతం ఉందంట, నిజమేనా?" అని అడిగాడు. "లేదు మామా, కింద ఉన్నది పాత పగులు" అన్నా.

గోదావరి లోయ అంటే కోట్ల ఏళ్ల కింద భూమి పైపొర సాగి, విరిగి, మధ్యలో కుంగిన పట్టీ. సింగరేణి బొగ్గు దొరికేదీ అందులోనే. ఆ పాత పగుళ్ల మీద ఒత్తిడి పేరుకుని అప్పుడప్పుడు జారుతుంది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర వచ్చిన 5.7 భూకంపమూ ఇదే తీరు. మణుగూరు పక్కన పగిడేరులో బోర్లలోంచి వేడినీళ్లు వస్తాయి కాబట్టి అక్కడేదో రగులుతోందని కొందరు అంటారు. లోతుకు దిగిన నీళ్లు భూమి లోపలి మామూలు వేడికే కాగి, పగుళ్ల వెంట పైకి వస్తున్నాయి, అంతే సంగతి. ఆ వేడితోనే సింగరేణి వాళ్లు 20 కిలోవాట్ల చిన్న కరెంటు ప్లాంటు కూడా పెట్టారు.

ఆదిలాబాద్ వైపు నల్లరేగడి కింద ఉన్న నల్లరాయి మాత్రం నిజంగా లావానే, దక్కన్ ట్రాప్స్‌ది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద పారింది. అప్పుడు మన నేల కింద వేడిని ఎగదోసిన చోటు ఇప్పుడు హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి కిందే ఉందని, మన దేశమే దాని మీది నుంచి ఉత్తరానికి జరిగి వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్తారు. ఆ దీవిలో అగ్నిపర్వతం ఇప్పటికీ తరచూ లావా కక్కుతోంది. మన దేశంలో చురుగ్గా ఉన్నది అండమాన్‌లోని బారెన్ దీవి ఒక్కటే. అది నూట యాభై ఏళ్లకు పైగా ఊరకే ఉండి 1991లో మళ్లీ మొదలుపెట్టింది, 2025 సెప్టెంబర్‌లోనూ చిన్నగా పేలింది. మనుషులు ఉండరు కాబట్టి మనకు పెద్దగా తెలియదు.

అంటే మన దగ్గర భూకంపం వస్తే అగ్నిపర్వతం గురించి టెన్షన్ అక్కర్లేదు, ఇల్లు గట్టిగా ఉందా లేదా చూసుకుంటే చాలు.

వార్తలో పేరు పట్టుకోండి

మొదటి పని, కొండ పేరు, దేశం పేరు చూడటం. పేరే లేకపోతే అక్కడితో ఆపేయొచ్చు. పేరుంటే అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ వాళ్ల గ్లోబల్ వాల్కనిజం ప్రోగ్రాం సైట్‌లో వెతకండి. చివరిసారి ఎప్పుడు పేలింది, ఏ రకం కొండ, ఈ మధ్య ఏం జరిగింది అన్నీ ఉంటాయి. అమెరికా భూగర్భ సర్వే యూఎస్‌జీఎస్‌తో కలిసి వాళ్లు ప్రతి వారం ఒక రిపోర్టు ఇస్తారు. ప్రపంచంలో ఏ రోజు చూసినా నలభై యాభై కొండలు పేలే దశలోనే ఉంటాయని ఆ సైట్ చూస్తేనే అర్థమవుతుంది. "ఒకేసారి ఇన్ని పేలుతున్నాయి" అనే వీడియోల పస అక్కడే తేలిపోతుంది.

ఆ తర్వాత ఆ దేశపు సొంత సంస్థ. ఇటలీకి ఐఎన్‌జీవీ, ఫిలిప్పీన్స్‌కు ఫివోల్క్స్, జపాన్‌కు వాళ్ల వాతావరణ శాఖ, న్యూజిలాండ్‌కు జియోనెట్, ఐస్‌లాండ్‌కు వాళ్ల వాతావరణ శాఖ, ఇండోనేషియాకు మాగ్మా ఇండోనేషియా అనే సైట్. హెచ్చరిక స్థాయి ఎంతుందో చూడండి, అంతకంటే ముఖ్యంగా అది ఏ తేదీన మారిందో చూడండి. మూడు నెలల కింద మారిన స్థాయిని నిన్ననే మారినట్టు రాసే చానళ్లు బోలెడు. ఒక్కో దేశానిది ఒక్కో లెక్క కూడా. ఫిలిప్పీన్స్‌లో సున్నా నుంచి 5, జపాన్‌లో 1 నుంచి 5, ఇండోనేషియాలో నార్మల్, వాస్పాదా, సియాగా, అవాస్ అని నాలుగు మెట్లు. రెండో స్థాయి అనగానే ఒక దేశాన్ని చూసి ఇంకో దేశం గురించి మాట్లాడితే కుదరదు.

భూకంపాల గీతలు చదవడం

దాదాపు ప్రతిసారీ మొదట కదిలేది నేల వణుకును గీసే సీస్మోగ్రాఫ్ సూదే. చాలా అబ్జర్వేటరీలు రోజంతా గీసిన గీతల బొమ్మను నెట్‌లో పెడతాయి. మొదటిసారి చూస్తే పిచ్చిగీతల్లా ఉంటాయి. ఎడమ నుంచి కుడికి ఒక్కో గీత పదిహేను నిమిషాలో అరగంటో ఉంటుంది, పక్కనే రాసి ఉంటుంది. పైనుంచి కిందికి గంటలు. టైమ్ సాధారణంగా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఇస్తారు కాబట్టి మన టైమ్‌కు అయిదున్నర గంటలు కలుపుకోండి.

ఆ గీతల్లో మూడు రకాల కదలికలు వెతకాలి. మొదటిది, ఒక్కసారిగా నిటారుగా లేచి తోకలా సన్నబడేది. లోపల రాయి విరిగితే ఇట్లా వస్తుంది, శిలాద్రవం (లోపల కరిగి ఉన్న రాయి, మాగ్మా) దారి చేసుకుంటుంటే చుట్టూ ఉన్న రాయి పగులుతుంది మరి. రెండోది మెల్లగా మొదలై, వెడల్పాటి నిదానమైన అలలతో సాగేది. ఇది విరగడం వల్ల వచ్చింది కాదు, పగుళ్లలో వాయువులో ద్రవమో కదిలినందుకు వచ్చిన ఊపు. మూడోది ట్రెమర్: గీత మొత్తం మందంగా మారి నిమిషాలు, గంటలు అట్లాగే ఉంటుంది, బోరు మోటరు ఆన్ చేయగానే పైపు ఆగకుండా వణికినట్టు. రెండోది, మూడోది పెరుగుతుంటే శాస్త్రవేత్తలు కుర్చీలో ముందుకు జరుగుతారు.

ఇంకో తేడా ఉంది. మామూలు భూకంపంలో ఒక పెద్ద కుదుపు వచ్చి, తర్వాత చిన్నవి రోజురోజుకీ తగ్గుతూ పోతాయి. అగ్నిపర్వతం దగ్గర సాధారణంగా గుంపుగా వస్తాయి, వందలు, ఒక్కోసారి వేలు, అందులో పెద్దన్న అంటూ ఎవరూ ఉండరు. చాలావాటి తీవ్రత 2 కూడా దాటదు, పైన నిలబడ్డ మనిషికి తెలియనే తెలియదు. అందుకే "తీవ్రత ఎంత" అని అడిగే బదులు "ఎన్ని, ఎంత లోతులో, ఆ లోతు తగ్గుతోందా" అని అడగండి. భూకంపాలు పుట్టే చోటు పది కిలోమీటర్ల లోతు నుంచి అయిదుకు, అయిదు నుంచి రెండుకు వస్తుంటే ఏదో పైకి వస్తోందన్నట్టు.

మోసపోయే చోటు కూడా ఇదే. గాలి, సముద్రపు అలలు, పక్క రోడ్డు మీద లారీ, అన్నీ గీతలో పడతాయి. అందుకని ఒక్క స్టేషన్ చూసి వదిలేయకండి. ఒక్క స్టేషన్‌లోనే ఉంటే అక్కడి లోకల్ గోల. చుట్టుపక్కల అన్ని స్టేషన్లలో ఒకే బలంతో ఉంటే ఎక్కడో దూరాన వచ్చిన పెద్ద భూకంపం. బిలం (కొండ నోరు) దగ్గర స్టేషన్‌లో బలంగా ఉండి దూరం పోయే కొద్దీ బలహీనపడితేనే అది ఆ కొండ పని.

నేల ఉబ్బిందా

కింద శిలాద్రవమో వాయువో చేరితే పైన నేల లేస్తుంది. కంటికి కనబడేంతగా లేవడం అరుదు. 1980లో అమెరికాలోని సెయింట్ హెలెన్స్ అట్లా లేచింది. 123 ఏళ్లు పడుకున్నది మార్చి 20న 4.2 భూకంపంతో కదిలి, ఉత్తరం వైపు రోజుకు మీటరున్నర పైన ఉబ్బుతూ పోయి, మే 18న ఆ పక్క మొత్తం కూలి పేలింది. 57 మంది పోయారు. మిగతా చోట్ల మిల్లీమీటర్ల లెక్కే. కొండ మీద పాతిన జీపీఎస్ పరికరాలు ఆ మిల్లీమీటర్లను పడతాయి. వంపు కొలిచే టిల్ట్‌మీటర్ ఇంకా సున్నితం: కిలోమీటరు పొడవున్న కడ్డీకి ఒక చివర ఒక్క మిల్లీమీటరు లేపితే ఎంత వంపు వస్తుందో, అంత తేడాను కూడా గుర్తుపడుతుంది.

పరికరాలు లేని కొండలే ప్రపంచంలో ఎక్కువ. అక్కడ ఉపగ్రహమే దిక్కు. రాడార్ ఉపగ్రహం ఒకే చోటిని పన్నెండు రోజుల తేడాతోనో ఇంకా ఎక్కువ తేడాతోనో రెండుసార్లు చూసి, ఆ రెంటినీ కలిపితే ఇంద్రధనుస్సు రంగుల చుట్లున్న బొమ్మ వస్తుంది. వార్తల్లో ఈ బొమ్మ వేసి "లోపల మంటలు" అని రాస్తుంటారు. ఆ రంగులకూ వేడికీ ఏ సంబంధమూ లేదు. అవి దూరంలో వచ్చిన మార్పు. యూరప్ వాళ్ల సెంటినెల్-1 బొమ్మయితే ఎరుపు నుంచి మళ్లీ ఎరుపు దాకా ఒక పూర్తి చుట్టు అంటే నేల ఉపగ్రహం వైపు 2.8 సెంటీమీటర్లు జరిగిందని (లేదా దూరం జరిగిందని, ఎటు అన్నది బొమ్మ పక్కన రంగుల పట్టీ చూసి తెలుసుకోవాలి). చుట్లు లెక్కపెట్టి 2.8తో గుణించండి. చుట్లు చిన్న జాగాలో దగ్గరదగ్గరగా ఉంటే కారణం తక్కువ లోతులో ఉంది, విశాలంగా పరుచుకుంటే లోతుగా ఉంది.

2025లో వైరల్ అయిన ఇరాన్‌లోని తఫ్తాన్ మీద ఇది ప్రయత్నిద్దాం. ఆగ్నేయ ఇరాన్‌లో, పాకిస్తాన్ సరిహద్దు వైపు ఉంటుంది. దాదాపు 7 లక్షల ఏళ్లుగా పేలలేదని చెప్పే కొండ, 2023 జులై నుంచి 2024 మే మధ్యలో శిఖరం దగ్గర 9 సెంటీమీటర్లు లేచిందని శాస్త్రవేత్తలు ఉపగ్రహ డేటాతో తేల్చారు. పది నెలల్లో మూడు చుట్ల పైచిలుకు. లేచిన మాట నిజం. కానీ ఆ ఒత్తిడి సుమారు అర కిలోమీటరు లోతులోనే ఉందని వాళ్ల లెక్క. అంత పైపైన ఉందంటే, పెద్ద శిలాద్రవపు గది కదిలిందనేకంటే పైన చిక్కుకున్న వాయువులు, వేడినీళ్ల పని అనుకోవడమే సబబు. అక్కడ పరికరాలు పెట్టాలి, వాయువులు కొలవాలి అని అడగడానికి ఇది గట్టి కారణమే. రేపు పేలుతుందనడానికి మాత్రం సరిపోదు.

హైలీ గుబ్బి విషయంలో కూడా 2025 జులైలో పక్కనున్న ఎర్టా ఆలే పేలినప్పుడు దీని కింద నేల కదిలిన ఆనవాళ్లు ఉపగ్రహాలకు దొరికాయి. నేల మీద పరికరాలుంటే ఇంకెంత తెలిసేదో.

ఒక జాగ్రత్త: ఎత్తయిన కొండల చుట్టూ గాలిలో తేమ వల్ల కూడా ఇట్లాంటి చుట్లే వస్తాయి. వేరే తేదీల జతలోనూ అదే ఆకారం కనబడితేనే నమ్మండి. దట్టమైన అడవి ఉన్నచోట సెంటినెల్ తరంగానికి నేల సరిగ్గా అందదు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ ఇక్కడ పనికొస్తుంది. ఇస్రో, నాసా కలిసి చేసింది, పన్నెండు రోజులకోసారి అదే చోటికి వస్తుంది, దాని ఎల్-బ్యాండ్ పొడుగు తరంగం ఆకుల్ని దాటి నేలను చూడగలదు. ఇండోనేషియా లాంటి అడవి కొండలకు మన గడ్డ మీది నుంచి లేచిన ఉపగ్రహం కాపలా కాయడం నాకైతే గర్వంగానే ఉంది.

వాయువులు, కొంచెం వేడి

లోతులో ఉన్న శిలాద్రవంలోంచి ముందు బయటపడేది కార్బన్ డయాక్సైడ్. సల్ఫర్ డయాక్సైడ్ బాగా పైకి వచ్చాకే ఎక్కువగా వదులుతుంది. అందుకే రెండో వాయువు పెరిగితే శిలాద్రవం దగ్గరికి వచ్చిందని అనుమానిస్తారు. సెంటినెల్-5పీ ఉపగ్రహం గీసిన సల్ఫర్ డయాక్సైడ్ మ్యాపులు రోజూ ఉచితంగా దొరుకుతాయి. తక్కువ మోతాదైతే పైనుంచి కనబడదు, మనుషులు పరికరం మోసుకుని కొండెక్కాల్సిందే, ఈ మధ్య డ్రోన్లు కూడా పంపుతున్నారు.

వాయువు తగ్గితే మంచిదే అనుకుంటాం. 1991లో ఫిలిప్పీన్స్ పినటుబోలో జరిగింది చూడండి. అయిదొందల ఏళ్లు పడుకున్న కొండ. ఏప్రిల్ 2న ఆవిరి పేలుళ్లు మొదలయ్యాయి. మే 13న రోజుకు 500 టన్నులున్న సల్ఫర్ డయాక్సైడ్ మే 28కల్లా 5,000 టన్నులు దాటింది. జూన్ మొదటి వారంలో హఠాత్తుగా 300 టన్నుల లోపుకు పడిపోయింది. చల్లారిందని ఇంటికి పోవచ్చా? లోపల దారి మూసుకుపోయి ఒత్తిడి పేరుకుంటోందేమో అని శాస్త్రవేత్తలు అనుమానించారు. ఎందుకంటే భూకంపాలు తగ్గలేదు, నేల వంపు పెరుగుతోంది. జూన్ 10న పక్కనున్న అమెరికా వైమానిక స్థావరాన్ని ఖాళీ చేయించారు, ఊళ్లనూ చేయించారు. జూన్ 15న 20వ శతాబ్దంలోనే అతి పెద్ద పేలుళ్లలో ఒకటి జరిగింది. కనీసం 5,000 ప్రాణాలు ముందస్తు హెచ్చరిక వల్ల దక్కాయని అంచనా. వాయువు అంకె ఒక్కటే చూసుంటే ఆ వారమే అందర్నీ వెనక్కి పంపేవాళ్లు.

దీనికి ఉల్టా కూడా ఉంది. కాలిఫోర్నియాలోని మామత్ పర్వతంలో 1989లో గుంపు భూకంపాలొచ్చాక నేలలోంచి కార్బన్ డయాక్సైడ్ ఊరి, వంద ఎకరాలకు పైగా చెట్లు నిలువునా ఎండిపోయాయి. పేలుడు మాత్రం లేదు.

వేడి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. బిలంలో చెరువు రంగు మారడం, మంచు కరగడం, ఉపగ్రహపు థర్మల్ బొమ్మలో చుక్క పడటం, ఇవన్నీ మిగతా గుర్తులకు తోడుగా వస్తేనే విలువ.

అన్నీ చూసినా తప్పే చోట్లు

ఇటలీలో నేపుల్స్ పక్కన కాంపీ ఫ్లెగ్రేయి 1982 నుంచి 84 లోపు 1.8 మీటర్లు లేచింది. పోజ్జువోలి ఊరి నుంచి దాదాపు 40,000 మందిని తరలించారు. ఏమీ పేలలేదు, నేల మళ్లీ కొంత దిగింది. 2005 నుంచి మళ్లీ లేస్తోంది, భూకంపాలు వస్తూనే ఉన్నాయి. చివరిసారి పేలింది 1538లో. అక్కడి జనానికి ఇది దశాబ్దాల బతుకు, మన చానళ్లకు ఏటా ఒక బ్రేకింగ్ న్యూస్.

జపాన్‌లో ఒంటాకె ఇంకో రకం. 2014 సెప్టెంబర్ 27, శనివారం మధ్యాహ్నం, మంచి వాతావరణం, శిఖరం మీద జనం అన్నం తింటున్నారు. హెచ్చరిక స్థాయి 1, అంటే అన్నింటికంటే తక్కువ. నెల మొదట్లో చిన్న భూకంపాలు పెరిగి మళ్లీ తగ్గాయి. ట్రెమర్ మొదలైన పదకొండు నిమిషాలకు పేలింది. గల్లంతైనవాళ్లతో కలిపి 63 మంది పోయారు. కొత్త శిలాద్రవం పైకి రాకుండానే లోపలి నీళ్లు ఒక్కసారి ఆవిరై పేలే రకం అది, దానికి ముందస్తు గుర్తులు చాలా తక్కువ. అందుకని స్థాయి తక్కువగా ఉంది కదా అని బిలం అంచుకు పోయి సెల్ఫీ దిగడం నేనైతే ఎవరికీ చెప్పను.

బాలి టికెట్ బుక్ చేసినవాళ్లకు

మన వాళ్లకు నిజంగా అగ్నిపర్వతంతో పని పడేది ఇక్కడే. బాలిలోని అగుంగ్ 1963లో పేలి వెయ్యి మందికి పైగా చనిపోయాక ఊరకే ఉండి, 2017లో కదిలింది. సెప్టెంబర్ 22న హెచ్చరికను అన్నింటికంటే పైమెట్టుకు పెంచారు, లక్ష మందికి పైగా ఊళ్లు వదిలారు, వారాలు గడిచినా ఏమీ కాలేదు, అక్టోబర్ చివర్లో స్థాయి తగ్గించారు, నవంబర్ 21న పేలడం మొదలైంది, ఆ తర్వాత బాలి విమానాశ్రయమే మూతపడింది. పేలుతుందా అన్నది కొంతవరకు చెప్పగలరు, ఏ తేదీన అన్నది కష్టం.

ప్రయాణానికి ముందు రెండు వేర్వేరు సంగతులు చూసుకోవాలి. నేల మీది హెచ్చరిక స్థాయి, బిలం నుంచి ఎన్ని కిలోమీటర్ల లోపు పోవద్దన్నారో ఆ దూరం, ఇవి మాగ్మా ఇండోనేషియాలో ఉంటాయి. విమానాలకు వేరే రంగుల లెక్క: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. బూడిద ఏ ఎత్తులో ఎటు పోతోందో చెప్పడానికి ప్రపంచంలో తొమ్మిది కేంద్రాలున్నాయి, ఇండోనేషియాను చూసేది ఆస్ట్రేలియాలోని డార్విన్ కేంద్రం. బూడిద అంటే పొయ్యిలో బూడిద కాదు, మెత్తగా నలిగిన రాయి, గాజుల పొడి. ఇంజిన్ వేడికి కరిగి లోపల అతుక్కుంటుంది. 1982లో ఇండోనేషియా మీద గలుంగుంగ్ బూడిదలోకి వెళ్లిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి నాలుగు ఇంజిన్లూ ఆగిపోయి, కిందికి దిగాక మళ్లీ అందుకున్నాయి. 2025 జూన్‌లో ఫ్లోరెస్ దీవిలోని లెవోటోబి పేలితే ఢిల్లీ నుంచి బాలి పోతున్న ఎయిర్ ఇండియా విమానం దారిలోంచే వెనక్కి తిరిగింది. పేలిన కొండ బాలిలో లేదు, వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. అందుకే మీరు పోయే ఊరి కొండ ఒక్కటే చూస్తే చాలదు, చుట్టుపక్కల దీవుల్లో నారింజ, ఎరుపు ఏమున్నాయో కూడా బయలుదేరే ముందు రోజు రాత్రి ఒకసారి, పొద్దున శంషాబాద్‌కు కారెక్కే ముందు ఒకసారి చూసుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ మాత్రం టికెట్‌తో పాటే తీసుకోండి, కొండ వార్తల్లోకి వచ్చాక కొంటే చాలా పాలసీలు ఆ పేలుడుకు డబ్బులివ్వవు.